ఓర్చుకునేదెంత, అడిగేదెంత?

ఆదిలాబాద్ జిల్లా బోథ్ చుట్టుపక్కల గూడేల్లో, తండాల్లో ఏఎన్‌ఎంగా పనిచేసి రిటైరైన పెద్దమ్మ ఒకవైపు. కరీంనగర్‌లో బీఎస్సీ నర్సింగ్ చదువుతూ దసరా సెలవులకు ఇంటికొచ్చిన ఆమె చెల్లెలి బిడ్డ మరోవైపు. పెద్దమ్మ కాలంలో ఏఎన్‌ఎం శిక్షణ 18 నెలలు. అమ్మాయిది నాలుగేళ్ల చదువు, ఎనిమిది సెమిస్టర్లు. పాత్రలు కల్పితాలు. వాదం మాత్రం నర్సింగ్ చదివే పిల్ల ఉన్న ఇళ్లన్నిటికీ పరిచయమైనదే.

పెద్దమ్మ: మీ అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. చదువు బంద్ పెడ్త అన్నవట.

బిడ్డ: బంద్ పెడ్త అనలే పెద్దమ్మా. గిట్లయితే చదువుడు కష్టం అన్న. అమ్మకు రెండూ ఒక్కతీర్గనే ఇనపడ్డయ్.

పెద్దమ్మ: నాకు సుత ఒక్కతీర్గనే ఇనపడ్తున్నయ్. నర్సు చదువంటే తిప్పలుంటయని తెల్వకనే జేరినవా? నేను నౌకరిల జేరిన కొత్తల, వానకాలంల వాగు దాటి గూడేలకు పోతుంటి. నెత్తిమీద వ్యాక్సిన్ డబ్బ, చేతుల చెప్పులు, చంకల రిజిస్టర్. గాజు సిరంజిలు ఉడకబెట్టి సూదులేసినం. ఎవ్వలకు చెప్పుకున్నం? ఓర్చుకున్నం, నేర్చుకున్నం.

బిడ్డ: కాలేజీల మేడంలది గూడ గదే పాట. "మా కాలంల" అని మొదలైతది, "మీకేం తెల్సు" అని ఖతమైతది. మీరు పడ్డ తిప్పలను నేను కాదంటలేను. మీరు పడ్డరు గాబట్టి మేం గూడ పడాలె అంటే మాత్రం ఒప్పుకోను. గాజు సిరంజి పోయింది, ఒక్కసారి వాడి పడేసేది వచ్చింది. మీరు ఉడకబెట్టిండ్రని మమ్ముల గూడ ఉడకబెట్టుమంటవా?

పెద్దమ్మ: సిరంజి మారింది. రోగి బాధ మారలే. సరే, నీ తిప్పలేందో ఒక్కొక్కటి చెప్పు, ఇంట.

బిడ్డ: మొదలు ఇంగ్లీషు. పదో తరగతి దాక బోథ్‌ల తెలుగు మీడియం. కాలేజీల అనాటమీ నుంచి అన్నీ ఇంగ్లీషే. మేడం తెర మీద చూసి చదువుకుంట పోతది, మేం రాసుకుంట పోతం. రాసిందేందో రాత్రి హాస్టల్ల కూసోని ఇప్పుకోవాలె. రౌండ్స్ అప్పుడు డాక్టర్ గడగడ చెప్పుకుంట పోతడు. సగం అర్థమైతది, మిగిలిన సగం ముఖం చూసి అందాజ చేసుకుంటం.

పెద్దమ్మ: మందుల కాడ అందాజ పనికిరాదు. హైపో అంటే తక్కువ, హైపర్ అంటే ఎక్కువ. తోక మారితే మొత్తం వైద్యమే తలకిందులైతది. మందు డబ్బ మీద తెలుగుండదు, కేస్‌షీట్ల తెలుగుండదు. గాబట్టి ఇంగ్లీషు నేర్చుకునుడు నీ పనే. దానికి ఏడుపెందుకు? నేను ముక్కలు చేసి నేర్చుకున్న. తోకకు ‘ఐటిస్’ ఉంటే వాపు, మంట. ముందు ‘టాకి’ ఉంటే జోరు, ‘బ్రాడి’ ఉంటే నిమ్మలం. గసొంటి ముక్కలు యాభై వస్తే పుస్తకం సగం ఇప్పుకుంటది. ఒక పక్క ఇంగ్లీషు, ఇంకో పక్క తెలుగు రాసుకో. ఎవ్వలన్న నవ్వితే నవ్వనియ్యి.

బిడ్డ: గిది నా బరువే, ఒప్పుకుంట. గట్లనే రాసుకుంటున్న గూడ. రాకపోవుడు నా బాధ గాదు. రాదు అని చెప్పుకోనియ్యరు చూడు, గది బాధ. ఒకరోజు వార్డుల సీనియర్ స్టాఫ్ అందరి ముందట అడిగింది. "500 ఎంఎల్ సెలైన్ ఎనిమిది గంటల్ల పోవాలె, నిమిషానికి ఎన్ని చుక్కలు?" నాకు చేతులు వణికినయ్. "గిది గూడ రానోళ్లకు సీటెవలిచ్చిండ్రు" అన్నది. పేషెంట్ల వెంబడి వచ్చినోళ్లు గూడ నవ్విండ్రు.

పెద్దమ్మ: లెక్క చెప్పినవా లేదా?

బిడ్డ: నోరు పెగల్లే.

పెద్దమ్మ: ఇను. సెలైన్ సెట్ కవర్ మీద ఒక ఎంఎల్‌కు ఎన్ని చుక్కలో అచ్చేసి ఉంటది. మొదలు గది చదువు. 20 అని ఉన్నదనుకో. 500ను 20తోని గుణిస్తే 10,000 చుక్కలు. ఎనిమిది గంటలంటే 480 నిమిషాలు. భాగిస్తే 21కి జర తక్కువ. 21 చుక్కలు పెట్టు. నిమిషమంత నిలవడి లెక్కపెట్టే పని లేదు. గడియారం చూసుకుంట 15 సెకన్లు లెక్కపెట్టు, అయిదు చుక్కలు పడాలె. కవర్ మీద 15 అని ఉంటే నిమిషానికి 16, పావు నిమిషానికి నాలుగు. చిన్నపిల్లల మైక్రో సెట్ అయితే 60 ఉంటది, దాని సంగతి వేరు. గంట తర్వాత మల్ల వచ్చి చూడు. పేషెంట్ చెయ్యి మలిస్తే చుక్క మారుతది.

బిడ్డ: రెండు నిమిషాల్ల చెప్పినవ్. గామె గూడ గింతే సేపట్ల చెప్పొచ్చు. తిట్టుడుకే గంతకన్న ఎక్కువ సేపు పట్టింది.

పెద్దమ్మ: తిట్టు తగిల్తే గుర్తుంటది బిడ్డా. మమ్ముల తిట్టే నేర్పిండ్రు.

బిడ్డ: తిట్టుతోని నాకు గుర్తున్నది లెక్క గాదు పెద్దమ్మా. తెల్వనిది తెల్వనట్టు కనపడొద్దు, గదొక్కటే గుర్తున్నది. తెల్లారి నుంచి వచ్చినా రాకున్నా తలకాయ ఊపుడు మొదలైంది. గది ఎటు పోతదో జర ఆగితే చెప్త. ముందు ఇంకో తిప్పల ఇను. బెడ్‌ప్యాన్ పెట్టుడు, దుప్పట్లు మార్చుడు, ట్రాలీ తోసుడు, దినాం గిదే. నాలుగేండ్ల డిగ్రీ గిందుకేనా?

పెద్దమ్మ: గీడ మాత్రం నిన్ను ఇడిసిపెట్ట. బెడ్‌ప్యాన్ ఎత్తినోళ్లకే తెలుస్తది. విరేచనం తారు తీర్గ నల్లగుంటే కడుపుల నెత్తురు కారుతుండొచ్చు. ఐరన్ గోలీలు మింగినా నల్లగైతది, గందుకే ఏం మింగిండో అడగాలె. బియ్యం కడిగిన నీళ్ల తీర్గ పోతుంటే కలరా అనుమానపడాలె. గది డాక్టర్ కండ్లబడది, నీ కండ్లబడ్తది. దుప్పటి మార్చేటప్పుడు మనిషిని ఒత్తిగిలిపిస్తవు గద, గప్పుడే ఈపు చూడాలె. తోకెముక కాడ ఎర్రగై, ఏలుతోని ఒత్తినా తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. మనోళ్ల నల్లటి ఒంటి మీద ఎరుపు కనపడదు. చెయ్యి పెట్టి వేడి, గట్టితనం చూడాలె. రెండు గంటలకోసారి పక్క మార్చకపోతే ఏ మందూ ఆ పుండును ఆపలేదు. గిది నర్సు పని గాదంటే మరి నర్సు పనేంది?

బిడ్డ: నువ్వు చెప్పినట్టు వార్డుల చెప్పినోళ్లు ఉంటే బెడ్‌ప్యాన్‌ను నేనెందుకు చిన్నచూపు చూస్త? మాకు "పోయి పెట్టి రా" అంటరు. ఏం చూడాలె, చూసింది ఎవ్వలకు చెప్పాలె అనరు. ఇగ ఎక్స్‌రే రూముకు ట్రాలీ తోసుడు, ల్యాబ్‌కు శాంపిల్స్ మోసుడు అంటవా, ఆయమ్మలు, వార్డుబాయ్‌లు తక్కువున్నరని మాతోని చేయిస్తున్నరు. ఒకసారి తోస్తే పేషెంట్‌ను ఎట్ల జరపాలెనో నేర్చుకున్న. పొద్దంత తోస్తే ఏం నేర్చుకున్న?

పెద్దమ్మ: మంది తక్కువున్నప్పుడు చెయ్యి కలపాలె.

బిడ్డ: అక్కెరకు కలుపుతం. అలవాటు చేసుకుంటెనే మా బాధ. నేనొక లెక్క పెట్టుకున్న. పని అయినంక ‘నాకేం తెల్సింది’ అని అడుక్కుంట. జవాబు ఉంటే గది చదువు. వరుసగ వారం రోజులు జవాబు లేకపోతే గది వాడుకునుడు.

పెద్దమ్మ: జవాబు ఎవరన్న చేతుల పెడ్తరని కూసుంటే రాదు, నువ్వు ఎతుక్కోవాలె. అయినా నీ లెక్క తప్పు గాదు. మరి రికార్డులు రాస్తున్నవా సక్కగ? కేర్‌ప్లాన్లు, కేస్‌స్టడీలు?

బిడ్డ: రాత్రి ఒంటిగంట దాక రాసుడే. నిజం చెప్పాల్నంటే మా బ్యాచ్‌ల సగం మంది సీనియర్ల రికార్డులు చూసి దింపుతరు. చార్టుల ఊపిరి లెక్క అందరికి ఒక్కటే, 20.

పెద్దమ్మ: ఏందీ? లెక్కపెట్టకనే?

బిడ్డ: టెంపరేచర్‌కు థర్మామీటర్ పెడ్తరు, బీపీ చూస్తరు. ఊపిరి కాడికి వచ్చేసరికి 20 రాసి ముందుకు పోతరు.

పెద్దమ్మ: ఒకపారి కోలాం గూడెంల ఓ పసిపోరడు, ఏడాది నిండలే. తల్లి "జర దగ్గుతున్నడు" అన్నది, అంతే. ఒళ్లు పెద్దగ వేడి లేదు. అంగీ పైకి జరిపి, పిలగాడు నిమ్మలంగున్నప్పుడు, నిండు నిమిషం కడుపు లేస్తున్నది లెక్కపెట్టిన. 64. రెండు నెలల నుంచి ఏడాది లోపు పిల్లలకు 50 గాని పైన గాని వస్తే ఊపిరి జోరున్నట్టు. ఏడాది నుంచి అయిదేండ్ల దాక 40. రెండు నెలల్లోపు పసికందుకు 60. డొక్కలు లోపలికి గుంజుతున్నయా చూసిన. గుంజుతున్నయ్. ఎంటనే జీపు పట్టుకొని దవాఖానకు తీస్కపోయినం. నిమోనియా. నేను 20 అని రాసుంటే ఆ పోరడు ఉంటుండెనా? చుక్కలకు పావు నిమిషం చాలు. ఊపిరికి నిండు నిమిషం గావాలె.

బిడ్డ: తప్పని నాకు తెల్సు. గని వార్డు లెక్క ఇను. 40 మంచాలు, మేం ఇద్దరం. పొద్దుగాల అరగంటల వైటల్స్ అన్నీ చూసి చార్ట్ పెట్టాలె. ఊపిరికి నిండు నిమిషం అంటే మనిషికి 20 నిమిషాలు గీడ్నే పోతయ్. మిగిలిన పది నిమిషాల్ల 20 మందికి బీపీ, నాడి, టెంపరేచర్ ఎట్ల చూడాలె? చెయ్యలేనంత పని చెప్పి, ఖాళీ పెడితే తిడితే, దొంగలెక్క రాయుమన్నట్టే గద?

పెద్దమ్మ: ఖాళీ పెట్టు. తిట్లు పడు. ఖాళీ ఉన్నదంటే చూడలేదని తర్వాతొచ్చినోళ్లకు తెలుస్తది. 20 అని ఉంటే చూసిండ్రనుకుంటరు, గందుకే ఆ 20 తోని భయం. ముందు ఆయాసపడేటోళ్లను చూడు. ఆపరేషన్ అయినోళ్లు, పసిపిల్లలు, ఆక్సిజన్ మీదున్నోళ్లు, వాళ్లది నిండు నిమిషం లెక్కపెట్టు. మిగిలింది "అయితలేదు మేడం" అని మొఖం మీద చెప్పు.

బిడ్డ: చూసినవా, నువ్వే "చెప్పు" అంటున్నవ్. మొదలు "ఎవ్వలకు చెప్పుకున్నం" అన్నది నువ్వే.

పెద్దమ్మ: రోగి పాణం మీదికొచ్చే మాట వేరు, నీ నిద్ర చాలలేదనే మాట వేరు.

బిడ్డ: నిద్ర సంగతి గూడ రోగి పాణం మీదికే వస్తది. నైట్ డ్యూటీ వద్దని నేనెన్నడు అనలే. రోగం గడియారం చూసి రాదు. గని రాత్రంత వార్డుల ఉండి పొద్దుగాల తొమ్మిదికి క్లాసుల కూసోమంటరు. అటెండెన్స్ పోతదని కండ్లు మూతలు పడుకుంట కూసుంటం. మల్ల రాత్రి వార్డు. గసొంటి మూడో రాత్రి మందు డోసు లెక్క కట్టుమంటే ఎట్ల కడ్తం? సర్కడియన్ రిథమ్‌ను చెడగొట్టే షిఫ్టు పనిని క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్నవాటి జాబితాల పెట్టిండ్రు, డబ్ల్యూహెచ్‌ఓ కింద ఉండే క్యాన్సర్ పరిశోధన సంస్థోళ్లు, 2007ల. 2019ల మల్ల చూసి గదే మాట మీద నిలవడ్డరు.

పెద్దమ్మ: మాకు గివన్ని తెల్వవు. తెల్సిన ఉపాయం చెప్త. డ్యూటీకి పోకముందు మాపుటీలి గంటన్నర పండు. రాత్రి కడుపునిండ అన్నం తినకు, నిద్ర తన్నుకొస్తది. రెండు దాటినంక చాయ తాగకు, పొద్దుగాల పండుదామంటే నిద్ర రాదు. రూముకొచ్చి కిటికీకి చీర కట్టి చీకటి చెయ్యి, ఫోన్ బంద్ పెట్టి పండు. మందు కలిపేటప్పుడు కండ్లు మూతపడ్తుంటే పక్కామెను పిలిచి డోసు ఇద్దరు చూడుండ్రి.

బిడ్డ: మంచిగ చెప్పినవ్, చేస్త. గని తొమ్మిది గంటల క్లాసును చీర కట్టి ఆపలేం. గది టైంటేబుల్ ఏసేటోళ్లు ఆపాలె. పోస్టింగ్ నైట్ ఉన్నరోజు పొద్దుగాల క్లాసు పెట్టొద్దని రాసిస్తే అయిపోయె. గందుకు రూపాయి ఖర్చు గూడ లేదు.

పెద్దమ్మ: రాసిచ్చిండ్రా?

బిడ్డ: ఎవ్వలు సంతకం పెడ్తరు? ఇంటర్నల్ మార్కులు వాళ్ల చేతులనే ఉన్నయ్. ఇగ గా తలకాయ ఊపుడు ఎటు పోయిందో ఇప్పుడు ఇను. మా బ్యాచ్ పొల్ల ఒకామెకు సూది గుచ్చుకున్నది. రక్తం తీసి, సూదికి మూత పెట్టబోయింది. గ్లౌజ్‌ల నుంచి ఏలుకు దిగింది. ఎవ్వలకు చెప్పలే. మూత పెట్టొద్దని చెప్పినా పెట్టినవని తిడ్తరు, మార్కులు కోస్తరు అని భయం. స్పిరిట్ పోసుకొని, ఏలు పిండుకుంట బాత్‌రూంల కూసున్నది. మూడో రోజు మధ్యాన్నం నాకు చెప్పింది.

పెద్దమ్మ: మూడో రోజా! 72 గంటలు దాటితే హెచ్‌ఐవీ రాకుండ ఇచ్చే మందు మొదలువెట్టరని తెల్వదా ఆమెకు?

బిడ్డ: తెల్సు. పరీక్షల రాసి మార్కులు గూడ తెచ్చుకున్నది. ఇంకా కొన్ని గంటలుండె, నేనే చెయ్యి పట్టి గుంజుకపోయిన. ఆ పేషెంట్ పరీక్షలన్ని నెగెటివ్ వచ్చినయ్ గాబట్టి బతికినం.

పెద్దమ్మ: స్పిరిట్ పొయ్యొద్దు, ఏలు పిండొద్దు. సబ్బుతోని ధార నీళ్ల కింద కడగాలె, అదే నిమిషంల చెప్పాలె. మందు రెండు గంటల్ల మొదలైతే అన్నిటికన్న మంచిది. మొదలువెడితే 28 రోజులు ఇడువకుంట మింగాలె. హెచ్‌ఐవీ ఉన్న రోగి సూది గుచ్చుకుంటే వెయ్యిల ముగ్గురికి అంటుకుంటది. హెపటైటిస్-బి అయితే, టీకా లేనోళ్లల్ల నూటికి ఆరు నుంచి ముప్పై మందికి. అందరు హెచ్‌ఐవీకి భయపడ్తరు గని అసలు భయపడాల్సింది హెపటైటిస్-బికి. నీకు మూడు డోసులు పడ్డయా?

బిడ్డ: రెండు పడ్డయ్. ఆర్నెల్లది బాకీ ఉన్నది.

పెద్దమ్మ: సెలవులు అయినంక వార్డుల అడుగు పెట్టకముందు గది ఏయించుకో. ఇంగ్లీషు గురించి, నిద్ర గురించి గంత మాట్లాడినవ్, గిది మర్చిపోయినవా?

బిడ్డ: ఏయించుకుంట. గని నా మాట ఇను పెద్దమ్మా. ఆ పొల్ల మొద్దు గాదు, మా అందరికన్న మంచిగ చదువుతది. ఓర్చుకో, ఓర్చుకో అని నేర్పిండ్రు. ఆమె దాచుడు నేర్చుకున్నది. వార్డుల సెలైన్ లెక్క రాక తిట్లు పడ్డంక నేను తలకాయ ఊపిన చూడు, ఆ తలకాయ ఊపుడు, చార్టుల 20, ఈ మూడు రోజుల మౌనం, మూడింటికి మూలం ఒక్కటే.

పెద్దమ్మ: ఓర్పు అని నేనన్నది గిది గాదు. రోగి కసురుకుంటే ఓర్చుకొమ్మన్న. వాసనకు, నెత్తురుకు, కాళ్ల నొప్పులకు ఓర్చుకొమ్మన్న.

బిడ్డ: మీరు అన్నది వేరు, మాకు చేరింది వేరు. మాకు ఎవ్వలు విడదీసి చెప్పలే. అన్నిటికి ఒక్కటే మందు, "నర్స్ అంటే ఓర్పు". మొదటి ఏడాది దీపం చేతికిచ్చి ప్రమాణం చేయించిండ్రు, ఫ్లోరెన్స్ నైటింగేల్ తీర్గ ఉండాలె అని.

పెద్దమ్మ: మరి ఉండొద్దా? గంత పెద్దింటి బిడ్డ, రాత్రిపూట దీపం పట్టుకొని సిపాయిల మంచాల చుట్టు తిరిగింది.

బిడ్డ: దీపం గురించే చెప్తరు, ఆమె రాసిన లెక్కల గురించి చెప్పరు. 1854ల క్రిమియా యుద్ధమప్పుడు ఆమె స్కుటారిల ఉన్న సిపాయిల దవాఖానకు పోతే, గాయాలతోని చచ్చేటోళ్ల కన్న జ్వరాలు, విరేచనాలతోని చచ్చేటోళ్లు ఎక్కువ. కింద మురుగుకాల్వలు నిండి ఉన్నయ్. 1855ల సర్కారు పంపిన శానిటరీ కమిషన్ వచ్చి కాల్వలు సాఫ్ చేయించి, గాలి ఆడేటట్టు చేసినంక చావులు తగ్గినయ్. ఇంటికొచ్చి ఆమె ఊకోలే. నెలనెల చావుల లెక్క తీసి, రంగుల బొమ్మ గీసి, ఆపగలిగే చావులు ఎన్నో మంత్రులకు చూపెట్టింది. 1858ల లండన్ స్టాటిస్టికల్ సొసైటీల జేరిన మొదటి ఆడామె ఆమెనే. గామెను చూసి ఓర్చుకొమ్మంటే ఎట్ల? గామె ఊకే ఉన్నదెప్పుడు?

పెద్దమ్మ: మంచిగున్నది. ఆమె మాట ఎందుకు ఇన్నరు? లెక్క సక్కగున్నది గాబట్టి. మీరు రేపు "40 మందికి ఇద్దరమే ఉన్నం" అని ప్రిన్సిపాల్ కాడికి పోతే, చార్టులు తెచ్చి ముందట పెడ్తరు. "అందరి వైటల్స్ టైంకు రాసిండ్రు గద, 20, 20, 20, మరి కష్టమేంది?" అంటరు. మీ దొంగలెక్కనే మీ నోరు మూపిస్తది. ఖాళీలు పెట్టుంటే ఆ ఖాళీలే మీ సాక్ష్యం.

బిడ్డ: ఈ మాట నాకు తట్టలే.

పెద్దమ్మ: తట్టదు. పని సక్కగ చేసినోళ్లకే అడిగే దమ్ము ఉంటది. నువ్వు అడుగుడు ముందట పెడ్తున్నవ్, నేను పని ముందట పెడ్తున్న. గీడ్నే మన పంచాది.

బిడ్డ: నేను ముందు, వెనుక అంటలేను. అడుగుడు సుత పనే అంటున్న. డోసు మీద అనుమానం వస్తే డాక్టర్‌ను మల్ల అడుగుమని పుస్తకంల రాసి ఉన్నది. ఆ నోరు వార్డుల ఒక్కసారే ఎట్ల లేస్తది? క్లాసుల, హాస్టల్ల, నోరు లేపుడు అలవాటైతేనే వార్డుల లేస్తది.

పెద్దమ్మ: నోరంటే యాదికొచ్చింది. అక్కడ నీ భాషను ఎక్కిరిస్తరని మీ అమ్మ చెప్పింది.

బిడ్డ: బోథ్ అంటే "అడివిల నుంచి వచ్చినవా" అంటరు. మొదట్ల నోరు తెర్వకపోతుంటి. తర్వాత ఒకరోజు ఉట్నూర్ దిక్కు నుంచి ఓ గోండు తల్లి, విరేచనాల పిల్లను ఎత్తుకొని వచ్చింది. స్టాఫ్ ఓఆర్ఎస్ ఎట్ల కలపాలెనో చెప్పింది, ఆమె అన్నిటికి తల ఊపింది. నేను దగ్గరికి పోయి, నాకొచ్చిన కాస్త గోండిల "ఇంటికి పోయి ఎట్ల కలుపుతవో నాకు చూపెట్టు" అన్న. లీటరు నీళ్ల ప్యాకెట్‌ను ఒక్క గ్లాసుల పోస్త అన్నది. గట్ల తాగిపిస్తే ఉప్పు ఎక్కువై పిల్లకు ముప్పు. గా దినం నుంచి మరాఠీ వాళ్లొచ్చినా, లంబాడీ వాళ్లొచ్చినా నన్నే పిలుస్తరు.

పెద్దమ్మ: చూసినవా! కార్పొరేట్ కాలేజీల చదివినోళ్లకు లేనిది నీ దగ్గరున్నది. ఆమె తల ఊపుడు, సెలైన్ తిట్ల తర్వాత నువ్వు తల ఊపుడు, రెండూ ఒక్కటే.

బిడ్డ: గందుకే నాకు ఆమె ఊపుడు నమ్మబుద్ధి గాలే.

పెద్దమ్మ: పైసల సంగతేంది? మీ బాపు నాకేం చెప్పడు.

బిడ్డ: ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని పరీక్షలు దగ్గరికొచ్చినప్పుడల్లా కాలేజీ మమ్ముల అడుగుతది. బాపు పత్తి ఏరి అమ్మాలె, గప్పటి దాక అప్పు. ఆడోళ్లకు ఫ్రీ బస్సు వచ్చినంక నిర్మల్‌ల బస్సు మారి వచ్చిపోయే ఖర్చు తప్పింది. గంతే ఆసర.

పెద్దమ్మ: ఈసారి పరీక్ష ఫీజు నేను కడ్త, మీ బాపుకు చెప్పకు.

బిడ్డ: బాపుకు చెప్పి కట్టు. దాచుడు వద్దనే గద పొద్దటి నుంచి నా పంచాది.

పెద్దమ్మ: సరే, చెప్త. సీనియర్లు సతాయిస్తే? పేషెంట్ తాలూకోళ్లు మీదికొస్తే? అర్ధరాత్రి మనసు మంచిగ లేకపోతే? నాకు ఫోన్ చెయ్యి.

బిడ్డ: నీకూ చేస్త, చెయ్యాల్సిన చోటికీ చేస్త. ర్యాగింగ్ మీద 1997 నుంచి మనకు చట్టమున్నది, దేశమంతటికి 1800-180-5522 అని హెల్ప్‌లైన్ ఉన్నది. దవాఖానల పనిచేసేటోళ్ల మీద చెయ్యెత్తితే 2008 చట్టం ఉన్నది. ఆడోళ్లను సతాయిస్తే 2013 చట్టం కింద కాలేజీలనే కమిటీ ఉండాలె. మనసు బరువైతే 14416, టెలీ మానస్, రాత్రి పగలు ఎప్పుడైనా తెలుగుల మాట్లాడొచ్చు. మా హాస్టల్ గోడ మీద మెస్ మెనూ ఉన్నది గని ఈ నంబర్లు లేవు. పోయినంక నేనే రాసి అతికిస్త.

పెద్దమ్మ: నంబర్లతోని వార్డు నడ్వది బిడ్డా.

బిడ్డ: నడ్వది. గని ఆ సూది గుచ్చుకున్న పొల్ల మూడు రోజులు ఒక్కతే ఉండకపోవు.

పెద్దమ్మ: చదువైనంక ఏం చేస్తవ్? 2024 జనవరిల ఒక్కరోజే 6,956 మంది స్టాఫ్ నర్సులకు సర్కారు ఆర్డర్లిచ్చింది. మల్ల నోటిఫికేషన్ పడితే రాయి, బోథ్ దవాఖానకు రా. గూడేలల్ల భాష తెల్సిన నర్సు గావాలె.

బిడ్డ: రాస్త. విదేశాల్ల నౌకర్లు ఇప్పిచ్చే సర్కారు సంస్థ టామ్‌కామ్ వాళ్లు జర్మన్ నేర్పి జర్మనీ పంపుతున్నరు, గది గూడ చూస్త. నా పనికి విలువిచ్చే కాడికి పోత.

పెద్దమ్మ: అందరు గట్లనే పోతే వానకాలంల ఆ గూడెంకు ఎవలు పోతరు?

బిడ్డ: పోయేటోళ్లను నిలబెట్టుకునే తీర్గ ఇక్కడ చూస్తున్నరా అని నేను అడుగుత. నీ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, నా ప్రశ్నకు నీ దగ్గర లేదు.

పెద్దమ్మ: లేదు. సరే, జర్మనీల అయితేంది, బోథ్‌ల అయితేంది, పదేండ్లకు నువ్వు హెడ్ నర్స్ అయినవనుకో. నీ చేతికింది స్టూడెంట్‌కు సూది గుచ్చుకున్నది. వణుక్కుంట నీ ముందట నిలవడ్డది. మొదలు ఏమడుగుతవ్?

బిడ్డ: "ఎప్పుడు?" అని అడుగుత. "ఎట్ల గుచ్చుకున్నది, కండ్లు ఏడ పెట్టినవ్" అని అడగ. 72 గంటల్ల ఎంత మిగిలిందో ముందు తెల్వాలె.

పెద్దమ్మ: మందు మొదలైనంక "ఎట్ల?" అని గూడ అడుగు. అడగకపోతే తెల్లారి ఇంకో పొల్లకు గుచ్చుకుంటది.

బిడ్డ: అడుగుత. అందరి ముందట గాదు, పక్కకు పిలిచి అడుగుత.